తెరలో దాటిపోయిన గుర్రం

ఆ ఉదయం సైకాల్ తన కెమెరాని బండకేసి కొట్టకపోవడానికి ఒకటే కారణం. ఆ వేసవికి ఇంకా పెళ్ళిళ్ళు ఒప్పుకుని ఉంది.

"మళ్ళీ మూడు తీసింది," అంది పళ్ళు నూరుతూ. "ఒక్కటి తియ్యవే తల్లీ అంటే మూడు తీస్తుంది. నేను అడిగానా మూడు?"

"దాన్ని తిడితే వింటుందా? సరిగ్గా పెట్టుకో," అన్నాడు ఆమె భర్త తలాయ్, పొయ్యిలోకి పిడకలు తోస్తూ.

"ఎలా పెట్టుకోవాలో మీరే చదివి చెప్పండి."

తలాయ్ తెర వంక చూసి, చూపు తిప్పేసుకున్నాడు. తెర నిండా జపాను అక్షరాలు. పాత కార్లతో పాటు ఓడలో వచ్చిన కెమెరా అది. కార్లకి స్టీరింగు కుడివైపు ఉన్నట్టే ఈ కెమెరాకి జపాను భాష ఉంది. మార్చడానికి వీల్లేదు. బిష్కెక్ సంతలో దాన్ని ముచ్చటపడి కొనుక్కొచ్చినవాడు తలాయే. కాబట్టి ఆ విషయంలో అతను ఎక్కువ మాట్లాడడు.

పట్నంలో పెళ్ళి ఫొటోలు తీసే సైకాల్ అన్నీ నొక్కి నొక్కి నేర్చుకుంది. తాళంచెవి గుర్తున్న మీట నొక్కితే ఫొటో చెరిగిపోకుండా ఉంటుంది. చెత్తబుట్ట గుర్తున్నది నొక్కితే కొంప మునుగుతుంది. ఎక్కడ ఇరుక్కున్నా, ఫొటో తీసే మీటని సగం దాకా నొక్కితే చాలు, కెమెరా అన్నీ మూసేసి మామూలుగా అయిపోతుంది. ఇది మాత్రం ఆమెకి ఒంటపట్టింది. ఒంటపట్టనిదల్లా ఆగి తీసే ఏర్పాటు. కెమెరాని మూడుకాళ్ళ మీద నిలబెట్టి తనూ వెళ్ళి పక్కన కూర్చోవాలంటే అదే దిక్కు. అదేమో బీప్ బీప్‌మని కాసేపు లెక్కపెట్టి వరసగా మూడు ఫొటోలు తీస్తుంది. అందులో రెండు ఎప్పుడూ దండగే. అప్పటికి అందరూ లేచి టోపీలు దులుపుకుంటూ ఉంటారు.

ఆ ఉదయం ఆమె గడియారం బొమ్మ ఉన్న వరసని పట్టుకుంది. దాని కింద ఉన్న గీతల్లో ఒకటి మార్చింది. తెర ఒప్పుకున్నట్టు ఒకసారి మినుకుమంది.

"దొరికింది! ఇక ఒక్కటే తీస్తుంది, చూడండి!"

ఆ మాట ఎంత తప్పో తెలియడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

*

ఆ రోజు సైకాల్ కొడుకు, ఏడాది నిండిన ఎల్దాన్‌కి కాళ్ళ తాడు కోసే వేడుక. తెలుపు నలుపు ఊలు పేనిన తాడుతో పిల్లాడి చీలమండలు కడతారు. పెద్దలు పరిగెత్తుకుంటూ వస్తారు. ముందు చేరినవాడు కత్తితో తాడు కోస్తాడు. ఆ తర్వాత బిడ్డ జీవితమంతా తడబడకుండా నడుస్తాడు. కట్టిన తాడుని చేత్తో విప్పకూడదు. కోయాల్సిందే.

కానీ సైకాల్ గుండెల్లో ఆ రోజుకి ఉన్న పేరు వేరు. మామగారు ఇమానాలి, ఆయన తమ్ముడు శర్షెన్ ఏళ్ళ తరబడి మాట్లాడుకోలేదు. శీతాకాలపు గడ్డి భూమి గట్టు దగ్గర మొదలైన తగువు అది. సరస్సుకి ఈ పక్క ఒకరి గుడారాలు, ఆ పక్క ఒకరివి. కిందటి శీతాకాలమంతా సైకాల్ బొర్సోక్ రొట్టెముక్కలు వేయించి మూట కట్టుకుని, మంచులో నడిచి వెళ్ళి, చిన్నత్త బూరుల్ పొయ్యి దగ్గర కూర్చుని, ఒక్కొక్క మాటే పోగు చేసుకుంటూ వచ్చింది. ఫలితంగా ఈ ఉదయం శర్షెన్ సంసారమంతా గుర్రాలేసుకుని వచ్చింది. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే గిన్నెలో పులియబెట్టిన గుర్రప్పాల కుమిస్ తాగారు. తాగుతూ గుర్రాల గురించే మాట్లాడుకున్నారు. ఒక్క గుర్రం గురించి తప్ప.

వసంతంలో ఇమానాలి ఆడగుర్రం ఒకటి కనిపించకుండా పోయింది. జేగురు రంగు, వెనక కాళ్ళు రెండూ మడమ దాకా తెలుపు. దాన్ని ఆయన కూతురి కంటే ఎక్కువ ముద్దు చేశాడు. అది ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేదు. ఆయనా తమ్ముడి పేరెత్తలేదు. ఎత్తకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో ఇంట్లో అందరికీ తెలుసు.

రెండు ఇళ్ళ గుర్రాలకీ ఒకటే ముద్ర. తాత నాటి నెలవంక, కాల్చి వేసింది. ఇమానాలి గుర్రాలకి కుడి తొడ మీద. శర్షెన్ గుర్రాలకి ఎడమ తొడ మీద. అంతే తేడా.

"ఫొటో తియ్యి పిల్లా, ఎల్దాన్ ఏడుపు మొదలెట్టకముందే," అంది బూరుల్. పిల్లాడి కాళ్ళకి తాడు కట్టి ఆమె ఒళ్ళోనే కూర్చోబెట్టుకుంది. "ఉండు, ఉండు. ఆ పలక ఇటు తిప్పు. నా మొహం నాకు కనపడాలి. కిందటిసారి తీసినదాన్లో నాకు రెండు గడ్డాలున్నాయి."

"అవి మీవే చిన్నత్తా."

"నీ కెమెరావి!"

సైకాల్ తెరని పక్కకి తెరిచి, ముందుకి తిప్పింది. అందరూ దాంట్లోకి వంగి టోపీలు సర్దుకున్నారు. ఇమానాలి కొరడాని ఒళ్ళో పెట్టుకుని తెరని ఒక శత్రువుని చూసినట్టు చూశాడు.

"ఇప్పుడు ఎవ్వరూ కదలకండి. బీప్ అంటుంది. నేనొచ్చి కూర్చుంటాను. ఒక్కటే తీస్తుంది."

మీట నొక్కి పరిగెత్తింది. పెద్దలకి వీపు పెట్టకుండా చివరగా ఒదిగి కూర్చుంది. బీప్, బీప్. తర్వాత ఏం జరిగిందో ఆమెకి వినపడింది కానీ కనపడలేదు.

"నా గుర్రం!"

ఇమానాలి లేచాడు. లేవడంలో కుమిస్ గిన్నె బోర్లాపడింది, ఎల్దాన్ కేక పెట్టాడు. "నా గుర్రం! ఇప్పుడే ఆ పలకలో నా వెనకనించి పోయింది! నా జేగురుది! కుడి తొడ మీద నెలవంక, నా కళ్ళతో చూశాను!"

అందరూ వెనక్కి తిరిగారు. అప్పటికే శర్షెన్ కొడుకు మీర్బెక్ ఒక జేగురు గుర్రాన్ని తాడు పట్టి నడిపిస్తూ మిట్ట దిగిపోయాడు. నీళ్ళకి తీసుకెళ్తున్నాడు. కాసేపు దాని తోక కొస కనిపించింది, ఆ తర్వాత గడ్డి తప్ప ఏమీ లేదు.

"అది నాది అన్నయ్యా," అన్నాడు శర్షెన్ నెమ్మదిగా. "కిందటేడు మా దగ్గర పుట్టిన గుర్రప్పిల్లకి తల్లి."

"వెనక కాళ్ళు తెల్లగా ఉన్నాయి!"

"లోకంలో నీ గుర్రానికొక్కదానికేనా తెల్ల కాళ్ళు?"

"నా ముద్ర నాకు తెలీదా? నెలవంక కుడి తొడ మీదుంది!"

"అయితే పద, వెళ్ళి చూసుకో." శర్షెన్ టోపీ బిగించుకున్నాడు. "నా మందలోకి దిగి ఒక్కొక్కదాని తోకెత్తి చూసుకో. కానీ ఒక మాట. తమ్ముడి మందని వెతికినవాడు నాకు అన్న కాడు. మనవాళ్ళు దొంగ మందనే వెతుకుతారు. ఏ గుర్రాన్నీ నీకు తెచ్చి చూపించను. చూపించుకునేది దొంగే. బూరుల్, లే. పిల్లాణ్ణి దించు."

"వాడి కాళ్ళకి తాడు ఉంది కదయ్యా!"

"కోసేవాడు కోసుకుంటాడు."

తలాయ్ "నాన్నా" అని అడ్డం వెళ్ళబోయాడు. ఇమానాలి కొరడా పిడితో కొడుకు రొమ్ము మీద ఒక్క పోటు పొడిచి, తాడుకి కట్టి ఉన్న తన గుర్రం వైపు నడిచాడు. శీతాకాలం మొత్తం సైకాల్ కళ్ళ ముందు కరిగిపోతోంది.

ఆయన ఒక కాలు రికాబులో పెట్టాడు. అప్పుడు ఆమె పరిగెత్తుకెళ్ళి ఏ కోడలూ చెయ్యని పని చేసింది. మామగారి గుర్రం కళ్ళెం పట్టుకుంది.

"మావయ్యా, ఆగండి! కెమెరాలో ఉంటుంది. ఫొటో తీసింది. గుర్రం అందులో ఉంటుంది. వెతక్కుండానే తెలిసిపోతుంది!"

"వదులమ్మాయ్."

"ఫొటో చూసి వెళ్ళండి! చిన్నమావయ్యా, మీరూ! మీ మందలో ఎవరూ కాలు పెట్టరు. నేను నా కెమెరాలో వెతుక్కుంటాను. అందులో తప్పుందా?"

శర్షెన్ ఆలోచించాడు. కెమెరాలో వెతకడం మందలో వెతకడం కాదు. ఇమానాలి కూడా, ఆయనకి ఇష్టం లేకపోయినా, ఒక కాలు రికాబులోనే ఉంచి ఆగాడు.

"ఎంతసేపు?"

"క్షణం."

ఆ క్షణంలో అన్నీ చెడ్డాయి.

మొదట ఎండ. తెర మీద ఎండ పడితే అందులో ఆమె మొహం తప్ప ఏమీ కనపడలేదు. తలాయ్ తన కోటు విప్పి ఆమె తల మీద, కెమెరా మీద కప్పాడు. ఆ చీకట్లో సైకాల్ చూసేసరికి తెర మూలన ఎర్ర గుర్తు వెలిగి ఆరుతోంది. బ్యాటరీ అయిపోవస్తోంది.

"అదెలా? పొద్దున నిండుగా ఉంది!"

చప్పున అర్థమైంది. పొద్దున ఆమె మార్చింది మూడు ఫొటోల సంగతి కాదు. తెర దానంతటదే ఆరిపోయే ఏర్పాటుని తీసేసింది! తెర పొద్దుట్నుంచీ ఆరకుండా వెలుగుతూనే ఉంది. బూరుల్ అందులో పాత పెళ్ళిళ్ళు చూసుకుంటూ కూర్చుంది. జపాను అక్షరాలని సైకాల్ మనసులో ఒక మాట అంది. అది రాయదగ్గది కాదు.

చూసే మీట నొక్కింది. ఫొటో వచ్చింది. అందులో మొత్తం ఇమానాలి టోపీ.

"ఇదేనా?" అంది బూరుల్, కోటు కింద తల దూర్చి. "ఇందులో గుర్రమేదీ? టోపీ ఉంది."

"ఉండండి, చిన్నత్తా, ముట్టుకోకండి..."

"దీన్ని వెనక్కి జరపాలి కదా? నాకు తెలుసు, పొద్దుట్నుంచీ జరుపుతున్నాను." ఆమె వేలు వెళ్ళి చెత్తబుట్ట మీద పడింది.

తెర నల్లబడింది. రెండు జపాను వరసలు. ఒకటి వెలుగుతోంది.

"నొక్కకండి!"

"ఏది నొక్కకూడదు?" అని బూరుల్ మధ్యలో ఉన్నది నొక్కింది. టోపీ మాయమైపోయింది.

సైకాల్ నోటి దాకా వచ్చిన మాటని మింగేసింది. అది ఒక కోడలు చిన్నత్తని అనే మాట కాదు.

"ఏమైంది?" బయటినించి ఇమానాలి.

"ఏం కాలేదు!" అంది సైకాల్, అంతా అయిపోయిందనిపిస్తుండగా.

తెర మీద మరో ఫొటో వచ్చింది. ఆమె ఊపిరి పీల్చుకుంది. ఇది ఇంకోటి. అంటే రెండు తీసింది. ఇమానాలి సగం లేచి ఉన్నాడు, వీపు గొర్రె మంద అంత వెడల్పుగా కనిపిస్తోంది. ఆ వీపు వెనక జేగురు రంగు మచ్చ. తొడ ఉండాల్సిన చోట భుజం ఉంది.

"వీపే ఉంది," అంది బూరుల్. "ఎప్పుడూ ఇంతే ఈ మనిషి. అడ్డం రావడం తప్ప ఏం తెలీదు."

"ఇంకెన్ని వీపులు చూపిస్తారు?" అని ఇమానాలి అరిచి రెండో కాలు కూడా ఎత్తాడు. గుర్రం ఎక్కేశాడు.

వెనక్కి పోవాలి. ఇంకా వెనక్కి. సైకాల్ కంగారులో ముందున్న చక్రం తిప్పింది. అది తప్పు చక్రం. అది ఒక్కొక్కటి కాదు, గుంపులు గుంపులుగా దూకుతుంది. తెర మీద కిందటి వారం పెళ్ళికూతురు కేకు కోస్తూ వచ్చింది. ఇంకోసారి తిప్పితే పెళ్ళికొడుకు మేనమామ నిద్రపోతూ వచ్చాడు. ఎర్ర గుర్తు ఇంకా వేగంగా మినుకుమంటోంది.

"చచ్చిపోరా నువ్వు!" అంది కెమెరాని. "నీకు ఒకటి తీయమంటే..."

అక్కడే ఆగిపోయింది.

ఒకటి తీయమంటే మూడు తీస్తుంది. పొద్దున ఆమె ఏమీ సరిచెయ్యలేదు. అది మానలేదు. తన మొండితనం తను చేసుకుపోయింది. టోపీ మూడోది. వీపు రెండోది. మరి మొదటిది?

సగం దాకా మీట నొక్కింది. అన్నీ మూసుకుపోయాయి. మళ్ళీ చూసే మీట. వీపు వచ్చింది. ఈసారి చక్రం జోలికి పోలేదు. నాలుగువైపుల మీటలో ఎడమ పక్కన ఒక్కసారి, నెమ్మదిగా, పాపం చేస్తున్నట్టు నొక్కింది.

అందరూ కూర్చుని ఉన్నారు. ఎవరూ కదల్లేదు. ఇమానాలి కళ్ళు మాత్రం గుండ్రంగా పెద్దవయ్యాయి, నోరు తెరుచుకోబోతోంది. ఆయన భుజం మీదుగా, ఎండలో, మీర్బెక్, వాడి చేతిలో తాడు, తాడు చివర జేగురు గుర్రం. తెల్ల కాళ్ళు. సైకాల్ కూడిక గుర్తున్న మీట మీద వేలు పెట్టి నొక్కి, నొక్కి, నొక్కింది. గుర్రం తెర నిండా అయింది. తొడ వచ్చింది. నెలవంక.

ఎడమ తొడ.

ఆమె కోటు విసిరేసి, కెమెరాని మూడుకాళ్ళ మీంచి ఊడదీసి, మామగారి గుర్రానికి అడ్డంగా పరిగెత్తి, తెరని పైకెత్తి పట్టింది. తలాయ్ వచ్చి రెండు చేతులతో నీడ పట్టాడు.

"చూడండి మావయ్యా! ఎడమ! ఎడమ తొడ మీదుంది! అది చిన్నమావయ్య గుర్రమే!"

ఇమానాలి వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు.

"నేను చూసినప్పుడు కుడివైపు ఉంది. పలక అప్పుడొకటి చెప్పింది, ఇప్పుడొకటి చెబుతోంది. అబద్ధాలాడే దాన్ని నాకు చూపిస్తావా?"

"అబద్ధం కాదు మావయ్యా. పలక మీ వైపు తిరిగి ఉంటే అద్దంలా చూపిస్తుంది. కుడి ఎడమవుతుంది. ఫొటో మాత్రం నిజంగా ఉన్నట్టే తీస్తుంది."

"అద్దమా? అద్దంలో నాకు గుర్రాలు కనపడవు. గడ్డం కనపడుతుంది."

ఎర్ర గుర్తు ఇప్పుడు ఆరకుండా వెలుగుతోంది. సైకాల్ ఇక మర్యాద చూసుకోలేదు.

"దిగండి."

"ఏంటి?"

"దిగమంటున్నాను, మావయ్యా! ఒక్కసారి దిగి, మీ గుర్రానికి వీపు పెట్టి నిలబడండి. తర్వాత మీ ఇష్టం. వెతుక్కోండి, కొట్టుకోండి, నేనే మీకు దారి చూపిస్తాను."

ఆయనని జీవితంలో ఎవరూ అలా గదమాయించలేదు. ఆశ్చర్యానికే దిగాడు. తలాయ్ కళ్ళెం అందుకున్నాడు. సైకాల్ గుర్రం కుడి పక్కకి వచ్చి, తెరని మళ్ళీ ముందుకి తిప్పి, మామగారి మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"మీ వెనక ఏముంది?"

"నా గుర్రం."

"తెరలో దాని ముద్ర ఎటుంది?"

ఇమానాలి తెరలోకి చూశాడు. కనుబొమలు కలిశాయి. ఇంకొంచెం వంగాడు. "ఎడమ..."

"వెనక్కి తిరిగి చూడండి."

తిరిగాడు. ఆయనే ఎర్రటి ఇనుముతో కాల్చిన నెలవంక కుడి తొడ మీద ఆయన వంకే చూస్తోంది. మళ్ళీ తెర వైపు తిరిగాడు. తెరలో ఎడమ. మళ్ళీ గుర్రం. కుడి.

అప్పుడు శర్షెన్ గొంతు సవరించుకున్నాడు.

"అన్నయ్యా. నెలవంక ఎడమ వైపుంటే అది నా గుర్రం. ఇప్పుడే నువ్వు దాని మీదనించి దిగావు. కళ్ళెం ఇటివ్వు."

బూరుల్ పకపకా నవ్వింది. తలాయ్ నవ్వకుండా ఉండడానికి గుర్రం మెడలో మొహం దాచుకున్నాడు. ఇమానాలి మాత్రం నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. అదే సమయంలో తెర కిచకిచమని ఒక శబ్దం చేసి, మినుకుమని, నల్లగా అయిపోయింది.

సైకాల్ మీట నొక్కింది. ఏమీ లేదు. బ్యాటరీ తీసి ఊది పెట్టింది. ఏమీ లేదు.

శర్షెన్ వేళాకోళం ఆపేశాడు. అన్న పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"పద," అన్నాడు. "ఇప్పుడు నేనే పిలుస్తున్నాను. నా మంద చూడు. ఒక్కటి కూడా వదలకుండా చూడు. నీ మనసులో ముల్లు ఉండకూడదు."

ఎల్దాన్ ఇంకా ఏడుస్తున్నాడు. ఇమానాలి మిట్ట వంక చూశాడు. జేగురు గుర్రం నీళ్ళు తాగి మెల్లగా తిరిగి వస్తోంది. ఆయన కొంచెం పక్కకి జరిగితే చాలు, దాని ఎడమ తొడ కనపడుతుంది. జరగలేదు. కావాలనే వీపు తిప్పేసుకున్నాడు.

"చూశాను కదా," అన్నాడు. "ఎన్నిసార్లు చూడమంటావు? పిల్లాడి కాళ్ళు కట్టి ఉంచి ఇంతసేపు మీరంతా కబుర్లాడుతున్నారేంటి? పరుగు పెట్టేవాళ్ళు ఎవరూ లేరా? ముసలివాళ్ళ పరుగు ముందు!"

"నీతోనా? మోకాళ్ళు ఉన్నాయా నీకు?"

"నీకంటే ముందు పుట్టిన మోకాళ్ళు."

ఇద్దరూ గడ్డిలో పడుతూ లేస్తూ, పొడుగు కోట్లు ఎత్తి పట్టుకుని, ఒకరి చొక్కా ఒకరు లాగుతూ పరిగెత్తారు. శర్షెన్ ముందు చేరాడు. నిజానికి అన్న చివర్లో ఆగి బూటు సర్దుకున్నాడు. అది సైకాల్ చూసింది, ఎవరికీ చెప్పలేదు. తాడు తెగింది. ఎల్దాన్ నిలబడి, ఒక అడుగు వేసి, బోర్లాపడి, కుమిస్ ఒలికిన చోట చేతులు తపతపలాడించాడు.

"తీశావా?" అంది బూరుల్.

"లేదు."

"ఎందుకు తీయలేదు?"

సైకాల్ కెమెరా పట్టీని భుజానికి తగిలించుకుంది. ఎవరు పొద్దున్నించీ పెళ్ళిళ్ళు చూశారో, ఎవరు చెత్తబుట్ట నొక్కారో చెప్పే ఓపిక ఆమెకి లేదు.

ఇమానాలి వచ్చి తమ్ముడి పక్కన, చెదిరిన చాప మీద కూర్చున్నాడు. ఇద్దరి భుజాలూ తగులుతున్నాయి. రొప్పుతున్నారు.

"అమ్మాయ్. ఇందాకటి ఫొటో పాడైంది. మళ్ళీ తియ్యి. అందరం కూర్చున్నాం."

"మావయ్యా, అది..."

ఆగింది. అన్నదమ్ములిద్దరూ టోపీలు సర్దుకుని, గడ్డాలు ఎత్తి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. బ్యాటరీ పట్నం పోతే గానీ నిండదు. ఆ సంగతి చెబితే వీళ్ళు లేస్తారు, టీ అంటారు, గుర్రాలంటారు, ఎవరి మాట ఎటు పోతుందో తెలీదు.

"ఆ పలక మటుకు మా వైపు తిప్పకు," అన్నాడు ఇమానాలి.

"తిప్పను మావయ్యా. కదలకండి."

చచ్చిన కెమెరాని మూడుకాళ్ళ మీద పెట్టింది. దాని వెనక వంగి ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూసింది. తొందరేమీ లేదు. తర్వాత నాలుకని అంగుడికి ఆనించి, టక్, టక్, టక్ అంది.

"మళ్ళీ మూడా?" అన్నాడు శర్షెన్, పెదాలు కదపకుండా.

"దాని అలవాటు చిన్నమావయ్యా," అంది సైకాల్. "ఇంకోసారి. ఎవ్వరూ లేవకండి."